పోలీసు డ్రస్సులో మేఘ్‌వాల్ పిల్ల: 'దహాడ్' సీరియల్ గురించి

మన టీవీల్లో డిటెక్టివుకి కులం వుండదు. వుండదంటే, ఎవరూ అడగరు. 1985లో దూరదర్శన్ లో కేరట్లు నముల్తూ హంతకుల్ని పట్టుకున్న కరమ్‌చంద్‌ని ఎవరూ అడగలేదు. 1993లో వచ్చిన బ్యోమకేశ్ బక్షి కలకత్తా భద్రలోకుల ఇళ్ళల్లోకి దర్జాగా నడిచి వెళ్ళేవాడు, గుమ్మం దగ్గర నిలబెట్టి నువ్వెవరంటే ఎవరని అడిగినవాళ్ళు లేరు. 1998లో మొదలై ఇరవై ఏళ్ళు నడిచిన 'సి.ఐ.డి.'లో ఏ.సి.పి. ప్రద్యుమన్ ఎన్ని తలుపులు పగలగొట్టించాడో లెక్కలేదు. ఆ తలుపుల వెనకున్న ఏ ఇల్లాలూ ఆయన వచ్చివెళ్ళాక గడప కడుక్కోలేదు. వీళ్ళకి కులం లేదని దీనర్థం కాదు. అడగాల్సిన అవసరం రాని కులం వీళ్ళది. ఆధిపత్య కులాల వాడికి కులం కంటికి కనిపించని కళ్ళజోడు లాంటిది, దాన్లోంచే చూస్తాడు గానీ దాన్ని చూడడు.

2023 మే 12న అమెజాన్ ప్రైమ్ లో వచ్చిన హిందీ సీరియల్ 'దహాడ్' లో మొదటిసారి, నాకు తెలిసినంతలో, కులం అడగబడే డిటెక్టివు మనకి కనిపించింది. దహాడ్ అంటే గర్జన. రీమా కాగ్తీ, జోయా అఖ్తర్ దీని సృష్టికర్తలు. రీమా కాగ్తీ, రుచికా ఒబెరాయ్ దర్శకత్వం చేశారు. మొత్తం ఎనిమిది భాగాలు. విడుదలకి ముందు ఫిబ్రవరిలో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో కూడా చూపించారు. కథ రాజస్థాన్ లోని మండావా పట్నంలో జరుగుతుంది. సబ్ ఇన్‌స్పెక్టర్ అంజలి భాటీ, సోనాక్షీ సిన్హా వేసిన పాత్ర. బుల్లెట్ మీద తిరుగుతుంది, జూడో తెలుసు, ఇంట్లో తల్లి పెళ్ళిసంబంధాల ఫొటోలు పట్టుకొని వెంటపడుతుంటే విసుక్కుంటుంది. భాటీ అనేది రాజపుత్రుల వంశనామం. కానీ ఈమె పుట్టింది మేఘ్‌వాల్ కులంలో. తండ్రి బతికున్నప్పుడు ఇంటిపేరు మార్పించాడు, పిల్ల బాధపడకూడదని.

ఈ సీరియల్ గురించి మనవాళ్ళల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, దళిత స్త్రీని హీరోని చేశారు గదా, మెచ్చుకోవాలి. రెండోది, అగ్రవర్ణాల వాళ్ళు తీసిందాంట్లో మనకేముంటుంది, వదిలెయ్యాలి. ఈ రెండూ తొందరపాటు మాటలే అని నా అభిప్రాయం. ఈ సీరియల్ ఒకచోట చాలా నిజం చెప్తుంది. ఆ చెప్పిన నిజాన్ని చూసి తనే భయపడి వెనక్కి పోతుంది. ఆ రెండు చోట్లూ ఎక్కడెక్కడో చూడటం మనకి అవసరం.

నిజం చెప్పే చోటు స్టేషన్ బల్ల. కథ మొదట్లో మురళి అనే పేదవాడొకడు వస్తాడు. తోడబుట్టిన కృష్ణ కనిపించకుండా పోయింది. ఫిర్యాదు తీసుకొమ్మని తిరుగుతాడు. ఎవరికీ పట్టదు. పెళ్ళీడు దాటిన పిల్ల, కట్నం ఇచ్చుకోలేని ఇల్లు, ఎవడితోనో పోయుంటుంది, ఇంకేం రాస్తాం అంటారు. అదే సమయంలో వూళ్ళో ఒక ఠాకూర్ల అమ్మాయి ముస్లిం కుర్రవాడితో వెళ్ళిపోతుంది. ఇహ చూడండి. జెండాలు, వూరేగింపులు, రాజకీయ నాయకుల ఫోన్లు, జీపులు. స్టేషన్ మొత్తం ఆ ఒక్కమ్మాయిని వెతకటానికే పుట్టినట్టు పరుగెత్తుతుంది. మురళి ఇదంతా చూస్తాడు. చూసి ఒక అబద్ధం చెప్తాడు, మా కృష్ణ కూడా ముస్లింతోనే పోయిందని. అప్పుడు కేసు కదులుతుంది.

ఈ అబద్ధం దగ్గర కాసేపు ఆగాలి. అతనికి ముస్లిముల మీద పగ లేదు. అతనికి కావల్సింది ఒక కాగితం, దాని మీద ఒక నంబరు. చెల్లెలు పోయిందన్న దుఃఖానికి ఆ స్టేషన్లో విలువ లేదు, హిందువుల ఆడపిల్లని తురకవాడు ఎత్తుకుపోయాడన్న భయానికి విలువుంది. కాబట్టి అతను తన దుఃఖాన్ని ఆ భయంలోకి మార్చుకొని తెస్తాడు, చెల్లని నోటు మార్చుకున్నట్టు. వోట్ల లెక్కల్లో, మతం లెక్కల్లో మనల్ని హిందువులుగా రాసుకుంటారు. మన ఆడపిల్ల పోయినప్పుడు మాత్రం ఆమె హిందూ ఆడపిల్ల అని మనమే వెళ్ళి రుజువు చేసుకోవాలి. ఆ రుజువుకి వెల ఇంకొక పీడిత సమూహం కట్టాలి. మతోన్మాద రాజకీయాల్లోకి దళితులు ఎందుకు పోతున్నారని పెద్ద పెద్ద సెమినార్లు పెడతాం. ఈ సీరియల్ పది నిమిషాల్లో దానికొక జవాబు చూపించింది. అన్ని జవాబులూ అదేనని కాదు, కానీ స్టేషన్ బల్ల ముందు నిలబడ్డ మనిషి వైపు నించి చూస్తే అది కనిపిస్తుంది.

ఇది రచయితల వూహ మాత్రమే కాదు. కర్ణాటకలో మోహన్ కుమార్ అనే ప్రాథమిక పాఠశాల మాస్టారు 2003 నుంచి 2009 దాకా ఇరవై మంది స్త్రీలను చంపాడు. పెళ్ళి చేసుకుంటానని నమ్మించి, పొరుగూరు తీసుకెళ్ళి, గర్భం రాకుండా మాత్ర అని చెప్పి సయనైడ్ ఇచ్చేవాడు. బస్టాండు మరుగుదొడ్లలో శవాలు దొరికేవి. ఆత్మహత్య అనో, గుర్తుతెలియని శవం అనో ఒక్కొక్క వూళ్ళో ఒక్కొక్క కాగితం రాసి మూసేశారు. 2009లో ఒక యువతి పోయినప్పుడు ఆమె కులంవాళ్ళు ముస్లిం కుర్రవాడు ఎత్తుకుపోయాడని స్టేషన్ మీదికి వచ్చారు, ఆ వొత్తిడి వల్లే ఫోన్ల లెక్కలు తీశారు, దాంతో ఇరవై చావులూ బయటపడ్డాయి. 'దహాడ్' కథ ఈ కేసుకి ఎంత దగ్గరగా వుందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆరేడేళ్ళపాటు పోలీసులకి ఆ హంతకుడు దొరక్కపోవటానికి కారణం వాడి తెలివి కాదు. వాడు ఎంచుకున్న ఆడవాళ్ళు ఎవరికీ లెక్కలోకి రాని వాళ్ళు. కట్నం లేదు, పెళ్ళి లేదు, ఎవడో వచ్చి చేసుకుంటానంటే ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నగలు మూటకట్టుకొని పోయేవాళ్ళు. పోతే ఇంట్లోవాళ్ళే పరువు పోతుందని నోరు మూసుకునేవాళ్ళు. హంతకుడు చేసిందల్లా కుల సమాజం, కట్నం, పోలీసులు కలిసి తయారుచేసి పెట్టిన ఖాళీలోకి నడిచి వెళ్ళటం.

సీరియల్లో ఈ సంగతి మొట్టమొదట పట్టుకున్నది అంజలి. అది కూడా వేలిముద్రలు చూసి కాదు. పెళ్ళి కాని ఆడది ఇంట్లో ఎట్లాంటి మాటలు పడుతుందో ఆమెకు తెలుసు గనక. తల్లి రోజూ ముందు పెట్టే ఫొటోలే ఆమెకు మొదటి సాక్ష్యం. తక్కిన ఆఫీసర్లకి పోయిన ఆడవాళ్ళు లేచిపోయిన ఆడవాళ్ళు. ఈమెకు మాత్రం, ఇంతమంది లేచిపోతే ఒక్కరన్నా ఇంటికి ఒక ఉత్తరమ్ముక్క రాయరా, ఒక ఫోను చెయ్యరా అనే అనుమానం వస్తుంది. అనుభవం జ్ఞానమా కాదా అని మన విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ దళిత పరిశోధకుల్ని నిలదీస్తుంటారు. మీరు మీ బాధ రాస్తున్నారు, సిద్ధాంతం ఎక్కడ అంటారు. అంజలి చేసే దర్యాప్తు ఆ ప్రశ్నకి జవాబు. ఆమె బతుకే ఆమె పద్ధతి.

ఇహ అగరొత్తి. ఈ సీరియల్లో నాకు ఎక్కువగా గుర్తుండిపోయిందదే. స్టేషన్లో ఒక కిందిస్థాయి వుద్యోగి వుంటాడు. అంజలి తన బల్ల పక్కనించి నడిచిన ప్రతిసారీ అతను ఒక అగరొత్తి వెలిగిస్తాడు. ఏమీ అనడు. తిట్టడు. సెల్యూట్ కూడా చేస్తాడు. ఆమె గాలి సోకితే పోగొట్టుకోవాలి, అంతే. ఆమె చూసీ చూడనట్టు పోతుంది. ఏ సెక్షను కింద పెడతారు దీన్ని? రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 చట్టం వుంది, 1989 చట్టం వుంది. దేవుడికి వెలిగించానంటాడు. దోమలకి వెలిగించానంటాడు. సాక్షి ఎవరు? ఆ గదిలో వున్నవాళ్ళందరూ సాక్షులే, ఒక్కడూ చెప్పడు. పట్నంలో, ఆఫీసుల్లో, మన కాలేజీ స్టాఫ్ రూముల్లో అంటరానితనం ఇప్పుడు ఇట్లాగే వుంది. తాకొద్దు అనరు. గ్లాసు కొత్తది తెప్పిస్తారు. ఈ జర్నల్ చదివే టీచర్లలో ఎంతమందికి ఎవరి అగరొత్తి వాసన తెలుసో వాళ్ళకే తెలుసు.

నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, ఈ అగరొత్తిని సీరియల్ ఒక వింతమనిషి అలవాటులా చూపిస్తుంది. చాదస్తం. మొదటిసారి కొంచెం నవ్వు కూడా వస్తుంది. ఆ స్టేషన్లో ఇంకెవరి బల్ల మీదా అగరొత్తి లేదు గదా అని మనం వూపిరి పీల్చుకోవాలన్నట్టు. కులం ఒక మనిషి బుర్రలో వున్న జబ్బయితే ఆ మనిషిని బదిలీ చేస్తే సరిపోతుంది. మరి మురళి ఫిర్యాదు తీసుకోనివాళ్ళ బల్లల మీద అగరొత్తులు లేవే! ఈ రెండు సంగతుల్నీ సీరియల్ పక్కపక్కనే పెట్టింది, ముడి మాత్రం వెయ్యలేదు.

అందరూ చప్పట్లు కొట్టిన సన్నివేశం ఇంకొకటుంది. హంతకుడు ఆనంద్ స్వర్ణకార్, విజయ్ వర్మ వేశాడు, ఆడపిల్లల కాలేజీలో హిందీ చెప్పే లెక్చరర్. మర్యాదస్తుడు, పల్లె పిల్లల కోసం పుస్తకాల వ్యాను కూడా నడుపుతాడు. (వేసినవాడు బాగా వేశాడు. మన చుట్టూ వున్న అభ్యుదయ మాస్టార్లు ఒకరిద్దరు గుర్తొచ్చి నవ్వొచ్చింది.) అతని ఇల్లు సోదా చెయ్యటానికి అంజలి వస్తే, అతని తండ్రి గుమ్మంలో అడ్డం నిలబడతాడు, ఈ కులంవాళ్ళు మా ఇంట్లోకి రాకూడదని. ఆమె రాజ్యాంగం ఎత్తి, చట్టం చెప్పి, అడ్డుకుంటే జైల్లో పెడతానని లోపలికి నడుస్తుంది. చూస్తుంటే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది. నాకూ పులకరించింది. కానీ ఆ గుమ్మం దాటింది ఎవరు? మేఘ్‌వాల్ పిల్ల దాటిందా, సోదా చేసే అధికారమున్న ఎస్సై దాటిందా?

మా చిన్నాన్న ఒకాయన కానిస్టేబులుగా చేశాడు. డ్రస్సులో వూళ్ళోకొస్తే ఆసామి అరుగు మీద కుర్చీ చూపించి రావయ్యా అనేవాడు. సెలవులో లుంగీ కట్టుకొని అదే అరుగు ముందు నించి పోతే ఏరా ఎప్పుడొచ్చావు అనేవాడు. స్టేషన్లో ఎస్సైగారి బండి తుడిచే పని ఎప్పుడూ ఈయనకే పడేది, ఎస్సైగారింటికి మంచినీళ్ళు తెచ్చే పని ఒక్కసారి కూడా పడలేదు. డ్రస్సు కులాన్ని పోగొట్టదు. డ్రస్సు వున్నంతసేపు పక్కన పెడుతుంది. ఆ పక్కన పెట్టటం కూడా అవతలివాడి దయ. చుండూరులో 1991 ఆగస్టు 6న పోలీసులు వూళ్ళో వుండగానే ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి నరికారు. ఆ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలు 2014లో హైకోర్టులో కొట్టుకుపోయాయి. ఇంత చూసినవాళ్ళకి, స్టేషన్లో ఒక మంచి దళిత ఎస్సై వుంటే చాలు అన్న కథ ఎట్లా మింగుడుపడుతుంది?

చట్టం సంగతి వచ్చింది గనక ఒకటి చెప్పాలి. అట్రాసిటీ కేసుని ఎస్సై దర్యాప్తు చెయ్యటానికి వీల్లేదు. 1995 నిబంధనల్లో ఏడో నిబంధన ప్రకారం డి.ఎస్.పి. స్థాయికి తక్కువ కానివాళ్ళే చెయ్యాలి. కింది స్టేషన్లో కేసు నీరుగారిపోతుందని మనవాళ్ళు పోరాడితే వచ్చిన రక్షణ అది. 'దహాడ్'లో చచ్చిపోయినవాళ్ళు దాదాపు అందరూ కింది కులాల ఆడవాళ్ళు. హంతకుడికి ఆ సంగతి తెలుసు, తెలిసే ఎంచుకున్నాడు. బాధితురాలు ఎస్సీ అని తెలిసి చంపితే ఆ చట్టం వర్తించే విధంగా 2016 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ వుంది. కానీ కథ మాత్రం ఈ దారి తొక్కదు. హంతకుడు మానసిక రోగి, చిన్నప్పటి ఇల్లు, తండ్రి కాఠిన్యం, అటు పోతుంది. చంపబడ్డవాళ్ళ కులం కథ మొదట్లో కారణం, చివరికొచ్చేసరికి నేపథ్యం. వెనక్కి పోయిందన్నది నేను దీన్నే.

అంజలి పైన దేవీలాల్ సింగ్ అనే స్టేషన్ అధికారి వుంటాడు, గుల్షన్ దేవయ్య వేశాడు. నిజాయితీ మనిషి, కూతురు చదువుకోవాలనుకునే తండ్రి. అంజలిని సమానంగా చూస్తాడు. అట్లాంటివాళ్ళు లేరని నేననను. కానీ దళిత పాత్ర తెలివి గుర్తించటానికి ఒక మంచి అగ్రవర్ణ పాత్ర పక్కన వుండి తీరాలన్న నియమం ఎవరు పెట్టారు? 2019లో వచ్చిన 'ఆర్టికల్ 15' సినిమాలో దళితుల్ని రక్షించటానికి బ్రాహ్మణ ఐ.పి.ఎస్. ఆఫీసరు దిగి రావాల్సొచ్చింది. ఇక్కడ దిగి రాలేదు, అనుమతిచ్చాడు. ముందుకొచ్చిన దూరం ఎంతంటే అంత.

అసలు విషయం ఇంటిపేరు. ఈ సీరియల్లో పేర్లు మార్చుకునేవాళ్ళు ఇద్దరున్నారు. హంతకుడు ఒక్కొక్క అమ్మాయి దగ్గర ఒక్కొక్క పేరు చెప్తాడు. (కర్ణాటకలో మోహన్ కుమార్ కూడా ఎదుటి అమ్మాయిది ఏ కులమైతే తనదీ అదేనని చెప్పుకునేవాడు.) సాయంత్రానికి ఆ పేరు విడిచి స్వర్ణకార్ గా ఇంటికి పోయి అన్నం తింటాడు. చొక్కా మార్చుకున్నంత సులువు. అంజలి తండ్రి కూడా పేరు మార్చాడు, ఒక్కసారి, కోర్టు కాగితంతో, జీవితాంతానికి. అయినా అది నిలవలేదు. స్టేషన్లో అందరికీ తెలుసు, సోదాకెళ్ళిన ఇంట్లో ముసలాయనకి తెలుసు, అగరొత్తి వెలిగించేవాడికి తెలుసు. కిందికి దిగే మారువేషం ఎవరికీ దొరకదు, పైకి ఎక్కే మారువేషం గంటలో దొరికిపోతుంది. అంబేద్కర్ విదేశాల్లో చదువుకొని బరోడా సంస్థానంలో వుద్యోగానికి పోయినప్పుడు గది దొరక్క పార్శీల సత్రంలో పార్శీ పేరుతో దిగాడు. కొన్నాళ్ళకి కర్రలు పట్టుకొని వచ్చి వెళ్ళగొట్టారు. అంత చదువుకున్నవాడికే ఆ పేరు ఆసరా కాలేకపోయింది.

తెలుగునాట ఇంటిపేరు చూడగానే కులం తేలదు, అందుకని మీరేవిట్లు అని అడుగుతారు. ఇల్లు అద్దెకి అడగటానికి పోయిన మనవాళ్ళందరికీ ఆ ప్రశ్న తెలుసు. నాలుగు తరాలుగా మనం దానికి నీళ్ళు నములుతూ వచ్చాం. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలయినప్పుడు ఆ నీళ్ళు నమలటం ఆగింది. మంద కృష్ణ మాదిగ అని పేరు చివర తిట్టుగా వాడిన మాటనే తగిలించుకొని నిలబడ్డారు. ఆయన వెనక వేలమంది. గోడల మీద, కరపత్రాల మీద, పెళ్ళిపత్రికల మీద. అది ఒక మనిషి ఆత్మగౌరవం సంగతి మాత్రమే కాదు, రిజర్వేషన్లలో మా వాటా ఎంత అనే లెక్క కూడా దాని వెంటే వచ్చింది.

'దహాడ్' చివర్లో అంజలి ఆఫీసుకి పోయి భాటీ తీసేసి మేఘ్‌వాల్ పెట్టించుకుంటుంది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి, దాచను. కానీ ఎవరున్నారు అక్కడ? ఆమె, ఒక కాగితం. మేఘ్‌వాల్లు అనే జనం ఈ ఎనిమిది భాగాల్లో ఎక్కడున్నారు? ఒక పేట లేదు, ఒక సంఘం లేదు, అంబేద్కర్ జయంతికి కట్టిన నీలిజెండా ఒకటి లేదు. కులం ఆమెకు మచ్చగానే వుంది గానీ మనుషులుగా లేదు. అదే రాజస్థాన్ లో, జాలోర్ జిల్లా సురాణాలో, 2022 ఆగస్టులో తొమ్మిదేళ్ళ మేఘ్‌వాల్ పిల్లవాడు చచ్చిపోయాడు. మంచినీళ్ళ కుండ ముట్టుకున్నందుకు మాస్టారు కొట్టాడని కుటుంబం చెప్పింది. కుండ సంగతి రుజువు కాలేదని పోలీసులన్నారు. అప్పుడు ధర్నాలు చేసిన జనం వున్నారు. వాళ్ళు లేకుండా మేఘ్‌వాల్ అనే పేరుకి అర్థమేమిటి? అంజలి తండ్రి భయపడింది ఈ పేరుకే, ఆమె తిరిగి తీసుకున్నదీ ఈ పేరునే. ఆ పేరు మోస్తున్న మిగతా వాళ్ళతో ఆమెకు ఒక్క మాటా లేదు.

అదే నెలలో, 2023 మే 19న, నెట్‌ఫ్లిక్స్ లో 'కటహల్' అనే సినిమా వచ్చింది. బుందేల్‌ఖండ్ లో మహిమా బసోర్ అనే ఇన్‌స్పెక్టరు, సన్యా మల్హోత్రా వేసింది. ఎమ్మెల్యే తోటలో పనసకాయలు పోతే వెతకమని పోలీసుల్ని తరుముతారు, ఆ గొడవలో తోటమాలి కూతురు పోయిన సంగతి ఆమె బయటికి లాగుతుంది. హాస్యం సినిమా గనక ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కానీ బసోర్ అనే పేరు మొదటినించీ ఆమె గుండె మీద బిళ్ళలోనే వుంది. పనసకాయకున్న విలువ దళిత పిల్లకి లేదన్న మాట అది ముసిముసిగా నవ్వుతూనే చెప్పింది, కళ్ళొత్తుకోకుండా.

ఈ రెండు పాత్రలూ సవర్ణ తారలే వేశారు. దళిత నటి ఒక్కతె కూడా దొరకలేదా అనే ప్రశ్నకి దొరికారా వెతికారా అని ఎదురు ప్రశ్న వేసి వూరుకుంటాను. దాని మీద వేరేవాళ్ళు రాశారు.

పోయిన నెల కొంతమంది దళిత విద్యార్థులతో కలిసి మళ్ళీ చూశాను. పోలీసు సెలెక్షన్లకి చదువుతున్న అమ్మాయి ఒకామె వుంది. ఆఖరి భాగం అయిపోయాక అందరూ పేరు మార్పు గురించి మాట్లాడుతుంటే ఆమె వేరే ప్రశ్న వేసింది. పేరు మారాక సర్వీసు రిజిస్టరు మారాలి, బిళ్ళ మారాలి, గెజెట్ కాపీ పెట్టాలి. ఆ కాగితం స్టేషన్లో ఎవరి బల్ల మీదికి పోతుంది సార్, అగరొత్తి వెలిగించే ఆయన బల్ల మీదికేనా? అతను దాని మీద సంతకం పెడతాడా, తొక్కిపెడతాడా? ఆ భాగం తియ్యలేదమ్మా అన్నాను. తీస్తే అదే చూస్తాను అంది.